పగడాలు వేడికి అలవాటు పడతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

పగడపు దిబ్బల గురించి ఎక్కడ మాట్లాడినా, ఎవరికి ఫోటోలు చూపించినా అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్ళి చదువుకోవచ్చు.

## మొదటి సందేహాలు

ఉంగరంలో పెట్టుకునే పగడం, సముద్రంలో దిబ్బలు కట్టే పగడం ఒకటేనా?

కాదు, దూరపు చుట్టరికం మాత్రమే. కుజుడి కోసం ఉంగరంలో పొదిగించుకునే ఎర్ర పగడానికి పేరుపడ్డ చోటు మధ్యధరా సముద్రం. అది వెలుగు సరిగా అందని లోతుల్లో, గుహల్లో పెరుగుతుంది. దాని ఒంట్లో నాచు ఉండదు, అది దిబ్బలు కట్టదు. స్కూలు పుస్తకాల్లో 'ప్రవాళ భిత్తికలు' అని చదువుకున్నవి రాతి పగడాలు కట్టినవి. వెచ్చటి నీళ్ళు, బాగా ఎండ తగిలే తక్కువ లోతు వాటికి కావాలి. ఈ పేజీ అంతా ఆ రాతి పగడాల గురించే.

పగడం రాయా, చెట్టా, జంతువా?

జంతువే. చూడటానికి పెద్ద బండలా ఉన్నది నిజానికి వేలాది చిన్న జీవుల కాలనీ. ఒక్కో జీవిని పాలిప్ అంటారు. మధ్యలో ఒక నోరు, చుట్టూ సన్నని స్పర్శకాలు, కింద అది తనే కట్టుకున్న సున్నపు గిన్నె. ఇక్కడ ఒక విశేషం ఉంది. దాని కణాల లోపలే కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు ఆ నాచు కణాలు పది లక్షల లెక్కలో ఉంటాయి. ఇంట్లో అద్దెకున్నవాళ్ళు అద్దె బదులు వండిపెట్టినట్టు, ఆ నాచు ఎండతో చక్కెర తయారుచేసి పగడానికి ఇస్తుంది. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ దారిలోనే వస్తుంది. మనకు కనిపించే గోధుమ రంగు కూడా చాలావరకు ఆ నాచుదే.

'అలవాటు పడటం', 'అనుకూలనం' రెండూ ఒకటే కదా?

రెండూ వేరు. ఈ తేడా తెలిస్తే సగం గందరగోళం పోతుంది. హైదరాబాద్ నుంచి లేహ్ వెళ్ళినవాళ్ళు మొదటి రెండు రోజులు హోటల్లో విశ్రాంతి తీసుకుంటారు. అక్కడే ఉండిపోతే కొన్ని వారాల్లో రక్తంలో ఎర్ర కణాలు పెరుగుతాయి, కిందికి దిగివస్తే మళ్ళీ తగ్గుతాయి. ఇది ఒకే ప్రాణి తన జీవితకాలంలో అలవాటు పడటం. టిబెట్ వాసులకు మాత్రం తక్కువ ఆక్సిజన్‌కు సరిపడే జన్యువులు తరతరాలుగా వస్తున్నాయి. అది అనుకూలనం. పగడాల్లో రెండూ జరుగుతాయి. మొదటిదానికి రోజులు, నెలలు చాలు. రెండోదానికి తరాలు కావాలి, మధ్యలో తట్టుకోలేనివి చనిపోవాలి.

రోహిణీ కార్తెలో 45 డిగ్రీలు మనమే తట్టుకుంటున్నాం. ఒక్క డిగ్రీకే పగడానికి అంత టెన్షన్ ఎందుకు?

మనకు చెమట పడుతుంది, నీడకు పోతాం, సాయంత్రమయ్యేసరికి గాలి చల్లబడుతుంది. సముద్రం రాత్రికి రాత్రి చల్లబడదు. ఎక్కిన వేడి వారాల తరబడి పగలూ రాత్రీ అలాగే ఉంటుంది, పగడం ఉన్నచోటు నుంచి అంగుళం కదలలేదు. పైగా చాలా దిబ్బలు మామూలు వేసవిలోనే తమ ఓపిక చివరి అంచున ఉంటాయి. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా లెక్క ఇలా ఉంటుంది. ఒక చోట ఏడాదిలో అన్నిటికన్నా వేడి నెల సగటు 30 డిగ్రీలు అనుకుంటే, 31 దాటిన దగ్గర నుంచి పగడానికి ప్రమాదం మొదలైనట్టు. ఆ వేడి ఎన్ని వారాలు నిలిచిందో కూడుతూ పోతారు. ఆ 30 కన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడి ఒక వారం నిలిస్తే ఒక పాయింటు. పాయింట్లు నాలుగుకు చేరితే పగడాలు ఒంట్లోని నాచును పోగొట్టుకుని తెల్లబడటం చెప్పుకోదగ్గంతగా కనిపిస్తుంది. ఎనిమిదికి చేరితే చావులు మొదలవుతాయి.

## వేడి తగిలిన గంటలు, రోజులు

నీళ్ళు వేడెక్కగానే పగడం మొట్టమొదట ఏం చేస్తుంది?

ముందు కణాల్లో పని మొదలవుతుంది. వేడికి ప్రోటీన్లు మడతలు విప్పుకుని పాడైపోతాయి. వాటిని పట్టి నిలిపే కాపలా ప్రోటీన్లను పగడం గంటల్లోనే ఎక్కువగా తయారుచేస్తుంది. నాచు నుంచి పుట్టుకొచ్చే హానికరమైన ఆక్సిజన్ రూపాలను విరిచేసే ఎంజైములను కూడా పెంచుతుంది. పైకి కనిపించే పనులు రెండు: పాలిప్‌లు లోపలికి ముడుచుకోవడం, జిగురు వదలడం.

ఆ జిగురును నేను అండమాన్‌లో, షహీద్ ద్వీప్ లక్ష్మణ్‌పూర్ తీరంలో చూశాను. పాటు మీద సముద్రం వెనక్కి పోయాక రాళ్ళ మధ్య మడుగులు మిగిలాయి. వేలు పెడితే నీళ్ళు చంటిపిల్లకు పోసే స్నానం నీళ్ళలా వెచ్చగా ఉన్నాయి. ఒక కొమ్మ పగడం కొస నీటిపైకి తేలి ఎండలో ఉంది. దాని మీద పలచటి గాజు పూత పూసినట్టు జిగురు మెరుస్తోంది. కొస నుంచి అది సన్నటి తీగలా సాగి నీళ్ళలోకి జారుతోంది. పోటు వచ్చేదాకా ఒంటిని ఆరిపోనివ్వకుండా పగడం కప్పుకున్న తడిబట్ట అది. ఊరికే ఏమీ రాదు: నాచు వండిపెట్టిన చక్కెరలో పెద్ద వాటా ఈ జిగురుకే ఖర్చవుతుంది.

ముందు కొంచెం వేడి తగిలితే, తర్వాత వచ్చే పెద్ద వేడిని తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది. ప్రయోగశాలలో ఇది స్పష్టంగా తేలింది. ప్రమాద గీతకు మూడు డిగ్రీలు తక్కువలో పది రోజులు ఉంచిన పగడాలు, తర్వాత అసలు వేడిలో పెట్టినా రంగు నిలుపుకున్నాయి. అలా సిద్ధం చేయనివి తెల్లబడ్డాయి. సముద్రంలోనూ ఇలాంటి రిహార్సల్ జరుగుతుంది. వేసవిలో నీళ్ళు ఒకసారి కాస్త వేడెక్కి, పది రోజులు చల్లబడి, ఆ తర్వాత అసలు వేడి వస్తుంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌కు చెందిన 27 ఏళ్ళ ఉష్ణోగ్రతలు పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు వచ్చిన వేడి తాకిళ్ళలో 75 శాతం ఈ పద్ధతిలోనే వచ్చాయని తేలింది. సముద్రం ఇంకో అర డిగ్రీ వేడెక్కితే ఆ వాటా 22 శాతానికి పడిపోతుందని కూడా అందులోనే లెక్కగట్టారు. అప్పుడు ఆ మొదటి 'కొంచెం వేడి' కూడా ప్రమాద గీత దాటేస్తుంది. మధ్యలో చల్లబడే విరామం ఉండదు. నన్ను బాగా కలవరపెట్టిన అంకెలు ఇవి.

రోజూ వేడి, చల్లదనం మారే చోట పుట్టిన పగడాలు ఎక్కువ గట్టివా?

అవును. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ అమెరికన్ సమోవాలోని ఓఫు దీవి. అక్కడ తీరం పక్కనే మడుగులున్నాయి. ఒక మడుగులో పాటు సమయంలో నీళ్ళు 35 డిగ్రీల దాకా పోతాయి, పోటుతో మళ్ళీ చల్లబడతాయి. పక్క మడుగులో అంత తేడా ఉండదు. రెండింటిలోనూ అక్రోపోరా అనే రకానికి చెందిన ఒకే జాతి పగడాలున్నాయి. శాస్త్రవేత్తలు చల్లటి మడుగువాటిని తీసుకెళ్ళి వేడి మడుగులో నాటారు. రెండేళ్ళ లోపే అవి వేడిని తట్టుకోవడం నేర్చుకున్నాయి, అయితే అక్కడే పుట్టిపెరిగినవాటితో పూర్తిగా సమానం కాలేదు. అంటే తేడాలో కొంత నేర్చుకున్నది, కొంత పుట్టుకతో వచ్చింది. ఇంకో పరిశీలన మరీ ఆసక్తికరం. మామూలు పగడాలు వేడి తగిలాక పని మొదలుపెట్టించే జన్యువుల్లో దాదాపు 60, ఈ వేడి మడుగు పగడాల్లో ఎప్పుడూ ఎక్కువ స్థాయిలో పనిచేస్తూనే ఉంటాయి. తుఫాను హెచ్చరిక కోసం చూడకుండా ఏడాది పొడవునా గొడుగు చేతిలో పట్టుకుని తిరిగినట్టు.

వెలుతురు మారితే? వర్షాకాలంలో నీళ్ళు మురికైతే?

వెలుతురు మార్పుకు పగడం చాలా బాగా సర్దుకుంటుంది. నీడలో ఉన్నప్పుడు ఒక్కో నాచు కణంలో పత్రహరితం పెరిగి రంగు ముదురుతుంది. ఎండ పెరిగితే అది తగ్గుతుంది, ఎండను అడ్డుకునే వర్ణకాలు పెరుగుతాయి. ఈ మార్పుకు రోజులు, వారాలు సరిపోతాయి. నెలలు, ఏళ్ళ మీద ఆకారమే మారుతుంది: ఎండలో గుండ్రంగా పెరిగే కొన్ని జాతులు లోతులో పళ్ళెంలా పరుచుకుంటాయి. ఇంట్లో మెరైన్ అక్వేరియం ఉన్నవాళ్ళకు ఇది బాగా తెలుసు. కొత్త పగడాన్ని తేగానే లైటు కింద పెట్టరు, అడుగున ఉంచి మెల్లగా పైకి తెస్తారు.

## తెల్లబడ్డాక

తెల్లబడితే చచ్చిపోయినట్టేనా?

కాదు. వార్తల్లో ఈ రెండింటినీ తరచూ కలిపేస్తారు. వేడి, ఎండ కలిసి తగిలినప్పుడు నాచులో వంట వ్యవస్థ చెడి, చక్కెరతో పాటు విషం లాంటి ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అప్పుడు పగడం నాచును బయటికి పంపేస్తుంది. మిగిలిన ఒళ్ళు అద్దంలా పారదర్శకంగా ఉండటం వల్ల కింద ఉన్న సున్నం తెల్లగా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే పాలిప్‌లు ఇంకా బతికే ఉంటాయి. కొన్ని వారాల్లో నీళ్ళు చల్లబడితే నాచు మళ్ళీ చేరుతుంది, పగడం గండం గట్టెక్కుతుంది. చల్లబడకపోతే ఆకలితో చనిపోతుంది. నిజంగా చనిపోయిన పగడం తెల్లగా ఎక్కువ రోజులు ఉండదు, దాని మీద పాచి పట్టి మురికి ఆకుపచ్చగా మారుతుంది.

పాత నాచును పంపేసి, వేడిని తట్టుకునే కొత్త నాచును తెచ్చుకుంటుందట. నిజమేనా?

కొన్ని జాతుల విషయంలో నిజం. తెల్లబడటం వెనక ఇలాంటి ప్రయోజనం ఉండవచ్చని 1993లోనే ఒక ప్రతిపాదన వచ్చింది. నాచులో చాలా ప్రజాతులున్నాయి. డ్యూరస్డినియం అనే ప్రజాతి వేడికి గట్టిది, క్లాడోకోపియంలో చాలా రకాలు అంత గట్టివి కావు. చాలాసార్లు కొత్త నాచు బయటి నుంచి రానక్కర్లేదు. ఒంట్లో మూలనెక్కడో కొద్దిగా ఉన్న గట్టి రకమే పెరిగి ముందుకొస్తుంది. గ్రేట్ బారియర్ రీఫ్‌లో చల్లటి కెప్పెల్ దీవుల నుంచి వేడి ఎక్కువగా ఉండే మాగ్నెటిక్ దీవికి తెచ్చిన అక్రోపోరా పగడాలు తెల్లబడి, బతికి, నాచు రకం మార్చుకున్నాయి. వాటి ఓపిక ఒకటి నుంచి ఒకటిన్నర డిగ్రీలు పెరిగింది.

అయితే ఆ గట్టి నాచు పిసినారి. చక్కెర తక్కువ పెడుతుంది. దానితో పగడం నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే వేడి తగ్గిన ఏళ్ళలో చాలా పగడాలు పాత నాచు వైపే మళ్ళుతాయి. పైగా ఎన్నో జాతులు పుట్టినప్పటి నుంచి ఒకే రకం నాచును అంటిపెట్టుకుని ఉంటాయి, మార్చుకోలేవు.

నీళ్ళు ఇంకా వేడిగా ఉండగానే కోలుకోవడం సాధ్యమా?

సాధ్యమని చాలాకాలం ఎవరూ అనుకోలేదు. 2015-16లో ఎల్ నినో వల్ల, అంటే కొన్నేళ్ళకోసారి పసిఫిక్ నీళ్ళు బాగా వేడెక్కే పరిణామం వల్ల, ఆ సముద్రం మధ్యలోని కిరిటిమాటి దీవి చుట్టూ పది నెలల పాటు వేడి తగ్గలేదు. దిబ్బలో చాలా భాగం చనిపోయింది. కానీ కొన్ని మెదడు పగడాలు మొదట్లో తెల్లబడి, వేడి నడుస్తుండగానే గట్టి నాచుతో తిరిగి రంగు తెచ్చుకున్నాయి. ఆ కోలుకున్నవి ఊళ్ళ మురుగు, తవ్వకాల బురద లేని శుభ్రమైన నీళ్ళలో ఉన్నవే. దగ్గరలోని కాలుష్యాన్ని ఆపితే ప్రయోజనం ఏముంది అని అడిగేవాళ్ళకు నేను చూపించేది ఈ దీవినే.

నాచు లేనప్పుడు ఏం తిని బతుకుతుంది?

ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగించుకుంటుంది, రాత్రిపూట స్పర్శకాలు చాచి నీళ్ళలోని సూక్ష్మజీవులను పట్టి తింటుంది. జాతిని బట్టి తేడా చాలా ఉంటుంది. హవాయిలో చేసిన ప్రయోగంలో మాంటిపోరా కాపిటాటా అనే పగడం తెల్లబడ్డాక వేట పెంచి, రోజువారీ అవసరమంతా తిండి నుంచే తీర్చుకుంది. దాని పక్కనే పెరిగే పోరైటిస్ కంప్రెస్సా అలా చేయలేక దాచుకున్నదాని మీదే రోజులు నెట్టుకొచ్చింది.

## ఏళ్ళు, తరాలు

ఒకసారి వేడి దెబ్బ తిన్న పగడానికి అది గుర్తుంటుందా?

మెదడు లేని జీవికి గుర్తేమిటి అనిపిస్తుంది కదా. థాయిలాండ్‌లోని ఫుకెట్ తీరంలో జరిగిన పరిశీలన చూడండి. అక్కడ తక్కువ లోతులో గుండ్రటి బండ పగడాలున్నాయి. పాటు వేళల్లో ఎండ వాటి పడమటి వైపు గట్టిగా తగులుతుంది. 1995లో సముద్రం వేడెక్కినప్పుడు ఒకే పగడానికి తూర్పు వైపు తెల్లబడింది, పడమటి వైపు గోధుమ రంగు చెక్కుచెదరలేదు. సగం తెలుపు, సగం గోధుమ. ఎండకు కాగిన వైపు వేడికి కూడా సిద్ధపడిందన్నమాట.

ఆ పరిశీలన చేసిన శాస్త్రవేత్త బార్బరా బ్రౌన్ బృందం అక్కడితో ఆగలేదు. 2000లో కొన్ని పగడాలను పెకలించి, అటుది ఇటు తిప్పి మళ్ళీ నిలబెట్టారు. పాత పడమటి వైపు ఇప్పుడు తూర్పుకు తిరిగింది, ఆ గట్టి ఎండ తగలడం మానేసింది. పదేళ్ళు గడిచాయి. 2010లో సముద్రం మళ్ళీ వేడెక్కింది. తూర్పుకు తిరిగి పదేళ్ళయిన ఆ పాత పడమటి వైపు, ఎప్పుడూ తూర్పునే ఉన్న వైపుల కన్నా ఎక్కువ నాచును నిలబెట్టుకుంది. ఆ గుర్తు కణాల్లో ఏ రూపంలో నిలిచిందన్నది ఇంకా తవ్వుతున్నారు.

ఒక జాగ్రత్త. 'పోయినసారి కన్నా ఈసారి తక్కువ తెల్లబడ్డాయి' అన్న వార్త కనిపిస్తే అంతా అలవాటు పడటమే అనుకోకూడదు. గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2016 తర్వాత 2017లో అలా జరిగింది. దానికి ఒక కారణం, బలహీనమైనవి అప్పటికే చనిపోయి ఉండటం.

గల్ఫ్‌లో 35 డిగ్రీల నీళ్ళలో పగడాలు బతుకుతున్నాయట. వాటిని తెచ్చి వేరేచోట నాటొచ్చు కదా?

అబుదాబీ, దుబాయ్‌లలో ఉండే మనవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న. వేసవిలో 34, 35 డిగ్రీలు, చలికాలంలో 20 కన్నా తక్కువ. ఇంత తేడాలో బతికే పగడాలు ప్రపంచంలో అరుదు. అక్కడి పగడాల్లో ఉండే ఒక నాచు రకానికి 2015లో 'థర్మోఫైలం' అని పేరు పెట్టారు, వేడిని ఇష్టపడేది అని అర్థం. చిక్కేమిటంటే ఆ నీళ్ళు మామూలు సముద్రం కన్నా బాగా ఉప్పన. ఉప్పు తగ్గిన నీళ్ళలోకి మారిస్తే వేడిని తట్టుకునే శక్తి కూడా తగ్గిపోతోందని ప్రయోగాల్లో తేలింది. ఆ పగడాలకైనా ఒక హద్దుంది: 2017 వేసవిలో గల్ఫ్ దక్షిణ తీరంలో అవి కూడా పెద్ద ఎత్తున చనిపోయాయి.

తల్లి నేర్చుకున్నది పిల్లకు వస్తుందా?

కొంతవరకు వస్తుందనడానికి ఆధారాలున్నాయి. హవాయిలో వేడి, ఆమ్లత్వం ఎక్కువున్న నీళ్ళలో ఉంచిన పోసిలోపోరా అనే రకం పగడపు తల్లుల పిల్లలు, అలాంటి నీళ్ళలో మిగతా పిల్లల కన్నా మెరుగ్గా ఉన్నాయి. పోసిలోపోరా పిల్లకు నాచును కూడా తల్లే ఇచ్చి పంపుతుంది. అక్రోపోరా పిల్లలు అలా కాదు, ఒట్టి చేతులతో బయల్దేరి సముద్రంలో దొరికిన నాచును చేర్చుకుంటాయి.

సముద్రం ఆమ్లంగా మారుతోందంటున్నారు. దానికీ అలవాటు పడుతుందా?

వేడికన్నా ఇది నెమ్మదైన పోరాటం. ఆమ్లత్వాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గరున్న సముద్రపు పీహెచ్ ఇప్పుడు 8.1 దగ్గరుంది. పగడం సున్నం పోసే చోట తన సొంత పీహెచ్‌ను పంపు కొట్టినట్టు శ్రమపడి పైకి లేపుకుంటుంది. బయట ఎంత తగ్గితే లోపల అంత ఎక్కువ శక్తి ఖర్చు. పాపువా న్యూ గినీలో సముద్రం అడుగున కార్బన్ డయాక్సైడ్ బుడగలు వచ్చే చోట్ల భవిష్యత్తు ఎలా ఉంటుందో చూడొచ్చు. అక్కడ గుండ్రటి పోరైటిస్ బండలు నిలిచాయి, కొమ్మల పగడాలు చాలావరకు లేవు. దాంతో చేపపిల్లలు దాక్కునే సందులు కూడా లేవు.

శాస్త్రవేత్తలు గట్టి పగడాలను తయారుచేస్తున్నారట కదా?

ప్రయత్నాలు గట్టిగానే ఉన్నాయి. హవాయిలో రూత్ గేట్స్, ఆస్ట్రేలియాలో మడలీన్ వాన్ ఓపెన్ దీనికి దారి చూపారు. నాచును నాలుగేళ్ళ పాటు 31 డిగ్రీల్లో పెంచి, వేడికి రాటుదేలిన రకాలను పగడపు పిల్లల్లోకి ఎక్కించారు. కొన్ని రకాలతో పిల్లల ఓపిక పెరిగింది. కానీ గ్రేట్ బారియర్ రీఫ్ పొడవు 2,300 కిలోమీటర్లు. తొట్లలో పెంచినవాటితో అంత దిబ్బను నింపడం జరిగే పని కాదు.

ఇన్ని ఉపాయాలుంటే మరి ఎందుకు చనిపోతున్నాయి?

కోలుకోవడానికి దొరికే వ్యవధి చాలడం లేదు. 1980ల మొదట్లో ఒక చోట తీవ్రంగా తెల్లబడితే మళ్ళీ అలాంటిది 25, 30 ఏళ్ళకు వచ్చేది. 2016 నాటికి ఆ ఎడం ఆరేళ్ళకు కుదించుకుపోయింది. వేగంగా పెరిగే పగడాలకే దిబ్బను తిరిగి నింపడానికి 10, 15 ఏళ్ళు కావాలి. వేడిని తట్టుకునే ప్రతి పనికీ శక్తి ఖర్చవుతుంది: పెరుగుదల ఆగుతుంది, గుడ్లు తగ్గుతాయి. గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2016, 2017 దెబ్బల తర్వాత, 2018లో కొత్తగా అంటుకున్న పగడపు పిల్లలు అంతకుముందుతో పోలిస్తే 89 శాతం తగ్గాయి. 2023లో మొదలైన ప్రపంచవ్యాప్త తెల్లబాటు నమోదైనవాటిలో నాలుగోది. భూమి వేడి ఒకటిన్నర డిగ్రీలు పెరిగితే 70 నుంచి 90 శాతం పగడాలు పోతాయని, రెండు డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం ఐపీసీసీ 2018 నివేదిక చెప్పింది. ఆ అర డిగ్రీలో ఎంత తేడా ఉందో చూడండి. పగడానికి అలవాటు పడే శక్తి నిజంగానే ఉంది, అది పనిచేయడానికి కావలసిన ఏళ్ళు ఆ అర డిగ్రీలో ఉన్నాయి.

## మన దేశంలో

వైజాగ్, కాకినాడల దగ్గర పగడపు దిబ్బలు ఎందుకు లేవు?

గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్ళు, ఒండ్రు వల్ల. ఉప్పు తగ్గడాన్ని పగడం కొన్ని రోజులు ఓర్చుకోగలదు, ప్రతి వర్షాకాలం నెలల తరబడి ఓర్చుకోలేదు. బురద పేరుకుంటే ఎండ అందదు. వైజాగ్ వైపు రాళ్ళకు విడివిడిగా అంటుకున్న పగడాలు డైవింగ్ చేసేవాళ్ళకు కనిపిస్తాయి కానీ దిబ్బ కట్టేంత కాదు.

మన దేశంలో పగడాలు ఎలా ఉన్నాయి?

లక్షద్వీప్, అండమాన్-నికోబార్, మన్నార్ సింధుశాఖ, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ, ఇవీ మన ప్రధాన దిబ్బలు. లక్షద్వీప్ 1998, 2010, 2016ల్లో దెబ్బతింది. అక్కడ 24 ఏళ్ళు గమనించినవాళ్ళ లెక్కలో సజీవ పగడం 37 శాతం నుంచి 19 శాతానికి పడింది. కచ్‌లో కథ వేరు. పెద్ద ఆటుపోట్లు, బురద, చలికాలపు చలి అన్నీ ఓర్చుకున్న గుండ్రటి రకాలు మిగిలాయి, కొమ్మల అక్రోపోరా అక్కడ ఎప్పుడో పోయింది. జామ్‌నగర్ దగ్గర నరారాలో పాటు సమయానికి వెళ్తే, డైవింగ్ రాకపోయినా మోకాలి లోతు నీళ్ళలో నడుస్తూ వాటిని చూడొచ్చు.

అండమాన్ వెళ్తున్నాం. మా వల్ల పగడాలకు హాని లేకుండా ఏం చేయాలి?

వేడి తట్టుకుంటున్న పగడానికి ఒంటి మీద గాయం కూడా తోడైతే, మాన్చుకోవడానికి శక్తి ఉండదు. కాబట్టి స్నార్కెలింగ్‌లో అలిసిపోతే పగడం మీద నిలబడకండి, గైడ్ పట్టుకున్న రింగును పట్టుకోండి. ముట్టుకోకండి, ఆ జిగురు పొర చెదిరితే సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల స్విమ్ టీషర్ట్ వేసుకుంటే మీ వీపూ కాలదు. తీరంలో ఎండిపోయి దొరికిన ముక్కను పిల్లలు ముచ్చటపడి సంచిలో వేసుకుంటారు. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, చనిపోయిన ముక్కను తెచ్చుకోవడం కూడా నేరమే. ఫోటో తీసుకుని, తీసిన చోటే పెట్టేయమనండి.